పెద్దాయన వీపు దగ్గర మోగని మెషీను

దయ్యాలను నమ్మే మనిషిని కాను. అద్దె తక్కువని కాకినాడలో శ్మశానం పక్క గదిలో ఉండి చదువుకున్నాను. దోమలు తప్ప ఇంకేవీ నన్ను పీడించలేదు.

డెబ్భైల చివర్లో ఒమాన్‌లో, ఇబ్రా దగ్గర రోడ్డు వేసే కంపెనీలో స్టోర్‌కీపర్‌గా చేసేవాణ్ణి. మా ఇంజనీరు ఇంగ్లీషాయన. ఆయనకు పాత యుద్ధాల పిచ్చి. మా సైట్ అవతల గుట్ట కింద, ముత్తాతల కాలంలో రెండు తెగలు కొట్టుకున్నాయని ఎవరో ఆయన చెవిన వేశారు. అంతే, మట్టిలో లోహం ఉంటే కుయ్యిమని మోగే మెషీను ఒకటి లండన్ నుంచి తెప్పించుకున్నాడు.

తీరా సెలవురోజు శుక్రవారం వచ్చేసరికి ఆయనకు నడుం పట్టేసింది. నన్నూ, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మేస్త్రీ రాజయ్యనూ పంపాడు. యుద్ధం నాటి వస్తువేదైనా తెస్తే రాజయ్య సెలవు మంజూరు చేస్తానన్నాడు. రాజయ్యకు ఊళ్లో కూతురు పుట్టింది. ఇంకా మొహం చూడలేదు. మెషీనును చంటిపిల్లలా భుజాన వేసుకుని నడిచాడు.

పొద్దున్నంతా మోగుతూనే ఉంది. మోగిన చోటల్లా తవ్వాం. చేపల డబ్బాలు, మా కంపెనీ బోల్టులు తప్ప ఏమీ రాలేదు.

అంతలో గుట్ట వైపు నుంచి తెల్ల దిష్‌దాషా, అదే వాళ్ల పొడుగు అంగీ, తొడుక్కున్న ముసలాయన ఒకడు కర్ర ఊపుకుంటూ వచ్చాడు. ఒకప్పుడు బొంబాయిలో ఉన్నాడట, హిందీ మాట్లాడాడు. ఇదేమిటని అడిగితే రాజయ్య మెషీను ఎత్తి చూపించాడు. అది ఆయన గుండె దగ్గర కుయ్యిమంది.

నడుముకున్న వంకర బాకు, ఖంజర్ వల్లేమోనని తీయించి దూరంగా రాయి మీద పెట్టించాం. మళ్లీ మోగింది. భుజం దగ్గరా మోగింది. తొడ దగ్గరైతే గోల పెట్టింది.

"సారూ, గీ పెద్దాయన ఒంటినిండ తుపాకి గుండ్లే ఉన్నయ్!" అన్నాడు రాజయ్య.

భయపడతాడనుకుంటే ముసలాయన సంబరపడిపోయాడు. డాక్టరుకు చూపించుకుంటున్నట్టు గిర్రున తిరిగి, "పీఛే భీ దేఖో," అన్నాడు.

వీపంతా వెతికాం. మెషీను కిమ్మనలేదు.

"చూశారా! వీపున ఒక్కటీ లేదు. నేను పారిపోలేదు!" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. రాజయ్య చేత ఇంకోసారి వెతికించుకుని మరీ నమ్మాడు. ఖంజర్ దోపుకుని, ఒకచోట కర్రతో పొడిచి "ఇక్కడ తవ్వండి" అని చెప్పి వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

అక్కడ పాత తుపాకీ గొట్టం దొరికింది.

ఇంజనీరు దాన్ని చూసి పట్టిన నడుం సంగతి మరిచి లేచాడు. "మెషీను పనిచెయ్యకుండా ఎలా కనుక్కున్నారు?" అన్నాడు. బ్యాటరీలు మాకివ్వడం మరిచిపోయాడట, బల్ల మీదే ఉన్నాయి. మెషీను మూత తీసి చూస్తే లోపల ఖాళీ.

రాజయ్య ఆ నెలలోనే ఇంటికెళ్లి కూతుర్ని ఎత్తుకున్నాడు. మా వాచ్‌మన్‌ది ఆ గుట్ట పక్క ఊరే. ఆ యుద్ధం చూసినవాళ్లెవరూ బతికి లేరని, అలాంటి ముసలాయన కూడా ఆ చుట్టుపక్కల లేడని ఒట్టేసి చెప్పాడు.

తర్వాత ఎన్నోసార్లు బ్యాటరీలు తీసేసి బోల్టుల మీద, డంపర్ మీద, ఒకసారి ఇంజనీరు గారి బెల్టు మీద కూడా పెట్టి చూశాను. ఒక్కసారీ మోగలేదు. ఆ రోజు ఎలా మోగిందో నాకు ఇప్పటికీ తెలియదు.