మోటరుకు తడిగుడ్డ

కువైట్ నుంచి మిత్రుడు తెచ్చిచ్చిన, రేడియో రిమోట్‌తో నడిచే చిన్న బ్యాటరీ బొమ్మ లారీని ఈ రోజు మాచర్ల తీసుకెళ్లాను. వేగం కోసం దాని మోటరుకు నేనే పెద్ద పళ్లచక్రం వేశాను. అప్పటినుంచి మోటరు మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. ఊళ్లో పంపుసెట్టుకు చేసినట్టే దీనికీ తడిగుడ్డ చుట్టాను.

అక్కడ మోటర్లు బాగుచేసే మస్తాన్ గుడ్డ విప్పి నవ్వాడు.

"ఏంది సారూ, దీనికేమన్నా జొరమొచ్చిందా? చక్రం పెద్దదైతే బరువంతా మోటరు మీద పడుద్ది. చిన్నది ఎయ్యండి, సల్లగుంటది. అయినా ఎవరితో పందెం మీకు?"

"ఎవరూ లేరు," అన్నాను. మేముండే విజయపురి సౌత్ మొత్తానికి ఇలాంటి బండి ఇదొక్కటే. అతను మళ్లీ నవ్వలేదు. చిన్న చక్రం బిగించి, వేడి లాగడానికి మోటరు చుట్టూ అల్యూమినియం రేకు మడతలు పెట్టి ఇచ్చాడు.

సాయంత్రం క్వార్టర్స్ నుంచి బస్టాండు దాకా నడిపాను. మోటరు చల్లగానే ఉంది. ఇన్నాళ్లూ దాని వెనక నేను పరుగెత్తేవాణ్ణి. ఈ రోజు అది నా పక్కనే నడిచింది.

అందుకే ఈ కాగితాన్ని కాలనీ నోటీసు బోర్డుకు అంటిస్తున్నాను. మీకు బండి లేకపోయినా ఫర్వాలేదు, రేపు సాయంత్రం ఆరింటికి క్వార్టర్స్ ముందుకి రండి. నాకూ, నా లారీకీ, మా ఇద్దరికీ మూడో మనిషి కావాలి.