నానబెట్టిన నైలాన్ వైరు

తిరుపతి రైల్వే స్టేషను వెనుక సందులో కుర్చీలకు వైరు అల్లే ఎల్లప్ప అసలు మగ్గం మనిషి. నగరిలో తండ్రి దగ్గర నేత నేర్చుకున్నాడు. పవర్‌లూములు వచ్చి చేతిమగ్గానికి పని తగ్గాక, డెబ్బై అయిదులో భార్య కుప్పమ్మతో తిరుపతి చేరి ఈ పనిలో కుదురుకున్నాడు. కుర్చీ మీద కూడా నిలువు వరసను పడుగనీ, అడ్డ వరసను పేకనీ అనేవాడు. ఎవరైనా నవ్వితే, "పేరు మారిస్తే పని మారతాదా అబ్బా?" అనేవాడు.

అతను వాడేది పీవీసీ ప్లాస్టిక్ వైరు. ఎండలో అరగంట పరిస్తే మెత్తబడి లాగినంత సాగేది, నీడలో బిగిసేది. కొనేముందు కొస తుంచి అగ్గిపుల్లతో కాల్చి చూసేవాడు. ముక్కు మండించే పొగ వచ్చి, పుల్ల తీయగానే ఆరిపోతే పీవీసీ అని నమ్మేవాడు.

ఎనభై ఆరు వేసవిలో ఒక సత్రం మేనేజరు పరంధామయ్య అతన్ని పిలిపించాడు. సత్రానికి అరవై కుర్చీలు కావాలి. ముందు పన్నెండు చట్రాలు ఇస్తాను, అవి నచ్చితే మిగతావీ నీకేనన్నాడు. ఎల్లప్ప చేతికి అంత పని ఎన్నడూ రాలేదు. ఈసారి మామూలు వైరు కాదు, తెగనిది వేయాలనుకుని నైలాన్ తెచ్చాడు. అది అల్లడం అతనికి అదే మొదలు.

నైలాన్ ఎండకు మెత్తబడలేదు. ఎంత లాగినా వంగనని మొండికేసింది. నగరిలో పేక నూలు చుట్టిన కండెలను నీళ్లలో నానబెట్టి నేస్తేనే బట్ట దట్టంగా వచ్చేది. ఆ లెక్కనే వైరు చుట్టలను రెండు రోజులు తొట్టిలో నానేశాడు. దారికొచ్చింది. తడి మీదే బలంకొద్దీ బిగించి పన్నెండూ అల్లేశాడు.

అవి ఆరాక వరసగా పెట్టి చూస్తే ఒక్కటీ నాలుగు కాళ్ల మీద నిలవలేదు. కుప్పమ్మ కూర్చుంది. కుర్చీ టకటకలాడింది.

"ఏమయ్యా, ఇది కుర్చీనా, ఉయ్యాలనా?"

"నేల ఎగుడు దిగుడుగా ఉండాదిలే."

"పన్నెండిటి కిందా అట్నే ఉండాదా?"

ఎల్లప్ప మిగిలిన వైరు ముక్కను కొలిచి నానేశాడు. మర్నాటికి వేలి వెడల్పున పెరిగింది. ఆరాక మళ్లీ తగ్గింది. నైలాన్ నీళ్లు పీల్చి సాగుతుందనీ, ఆరితే కుదించుకుంటుందనీ అప్పుడు తెలిసింది. ఆ బిగువుకే సన్నటి ఇనుపగొట్టాల చట్రాలు మెలి తిరిగాయి.

రెండు కుర్చీలు మాత్రం భుజాన వేసుకుని సత్రానికి వెళ్లాడు. అక్కడ ఆఫీసు గదిలో ఎర్రటి ప్లాస్టిక్ మౌల్డు కుర్చీ ఒకటి ఉంది. అతుకు లేకుండా ఒకే అచ్చులో పోసినది.

"మద్రాసు ఏజెంటు తెచ్చి పెట్టి పోయినాడు," అన్నాడు పరంధామయ్య. "నువ్వే చెప్పు, నీది మేలా, ఇది మేలా?"

కాలి కింద మడిచిన అట్టముక్క పెడితే ఆ పూటకు గడిచిపోతుందని ఎల్లప్పకు దారిలోనే తోచింది. అట్టముక్క జేబులో ఉంది కూడా. తీయలేదు.

"ముందు నా దాంట్లో కూసోండి సామీ."

మేనేజరు కూర్చున్నాడు. "ఇదేందప్పా, ఇట్ల ఊగతా ఉండాది?"

"నా తప్పే సామీ. వైరు నానబెట్టి అల్లినాను. ఆరినాక చట్రాన్ని మెలేసింది."

తరువాత మేనేజరును అడిగి, ఎర్ర కుర్చీ అడుగునుంచి చిన్న పేడు గీకాడు. దాన్నీ, జేబులోని పీవీసీ, నైలాన్ ముక్కలనూ చెంబు నీళ్లలో వేశాడు. రెండు మునిగాయి. ఎర్రది తేలింది. తీసి కాలిస్తే బొట్లుబొట్లుగా కారుతూ కొవ్వొత్తి వాసన వేసింది.

"ఇది వేరే జాతి సామీ. తేలిక, నీళ్లు పీల్చదు. హాల్లోకి బాగుంటాది. ఎండలో పెడితే మాత్రం బయటేసిన బకెట్ల మాదిరి పెళుసెక్కుతాది. కాలు విరిగితే పారేసేదే."

"నైలానో?"

"గట్టిదే. కానీ ఈడ జనం కొళాయి కింద తానం చేసి తడి బట్టల్తోనే కూసుంటారు. తడిసినప్పుడల్లా సాగి, ఆరినప్పుడల్లా లాగతాది. మీకు వద్దు."

"మరి నీ పాత వైరు?"

"నాలుగేండ్లకు వదులైపోతాది, ఎండకు పగలతాది. కోసేసి మళ్లా అల్లొచ్చు."

"అల్లేది నువ్వే గదా!"

"నేను గాకుంటే ఇంకొకడు సామీ."

పరంధామయ్య నవ్వాడు. "నీ పని నువ్వే చెడగొట్టుకునేటట్టు ఉండావే."

వారం తర్వాత కబురు వచ్చింది. హాలుకు నలభై మౌల్డు కుర్చీలు, వరండాకు ఇరవై పీవీసీ వైరువి. అరవైలో ఇరవై. ఎల్లప్ప నైలాన్ కోయడం మొదలుపెట్టాడు. కోయగానే కొన్ని చట్రాలు వాటంతటవే సర్దుకున్నాయి. మిగిలినవాటిని చెక్కమొద్దు మీద కొట్టి సరిచేశాడు. ఒకటి మాత్రం ఎంత కొట్టినా లొంగలేదు. దాని బదులు తన డబ్బుతో వెల్డింగు షాపులో కొత్తది చేయించి, సత్రం నుంచి మిగతా ఎనిమిది చట్రాలూ తెచ్చి, ఇరవైకీ పీవీసీ అల్లి, ఏది కొత్త చట్రమో మేనేజరుకు చూపించి మరీ ఇచ్చి వచ్చాడు.