పెట్టేసి నేనే చేస్తాను

మా మేడమ్ పోయారని పొద్దున్నే ఫోనొచ్చింది. అటువైపు గొంతు నాకు కొత్త. ఆఫీసు నుంచి అన్నాడు. రాత్రి ఆస్పత్రిలో పోయారు అన్నాడు. "సరేనండి, పెట్టేసి నేనే చేస్తాను" అన్నాను. అతను తెల్లబోయినట్టున్నాడు. "ఇందులో పాస్‌వర్డులేం లేవు కదండీ" అన్నాడు మెల్లగా. అయినా పెట్టేశాను.

ఆ మాట నేర్పింది ఆవిడే. ఫోన్లో ఎవరేం చెప్పినా అప్పటికప్పుడు నమ్మకూడదు. పెట్టేసి, మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకి మనమే చెయ్యాలి. పెట్టేయడమైతే పెట్టేశాను గాని, తిరిగి చెయ్యలేదు. పాలు దించాను. నాన్న జనరల్ షిఫ్టుకి వెళ్ళాలి, క్యారేజీ సర్దాను. పచ్చడి వెయ్యడం మర్చిపోయానని ఆయన వెళ్ళాక చూసుకున్నాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టిక్కూడా రాలేదు.

మా పనేమిటో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఎక్కడో దూరదేశపు డాక్టర్లు రోగుల గురించి చెప్పి పంపిన రికార్డింగులు చెవుల్లో పెట్టుకుని విని, అక్షరం పొల్లుపోకుండా టైపు చెయ్యాలి. ఆఫీసు వైజాగ్ నడిబొడ్డునే ఉంది. మేం మాత్రం ఎవరిళ్ళలో వాళ్ళం. గాజువాకలో ఒకామె, పూర్ణా మార్కెట్ వెనక సందులో ఇంకొకామె, ఉక్కునగరం క్వార్టర్లలో నేను. ఇందులో చేరేనాటికి నాకు డిగ్రీ అయిపోయి, హైదరాబాదు పంపనని నాన్న తెగేసి చెప్పి, సాయంత్రాలు సెక్టారు రోడ్ల మీద ఊరికే తిరుగుతున్న రోజులు. ఆ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాకే ఇంట్లో నాకంటూ ఓ తలుపు దొరికింది.

ఆ తలుపు మూసుకుపోకుండా కాసింది ఆఫీసులో మా పనంతా చూసుకునే మేడమే. హైదరాబాదులో ఉండే మా యజమానికి ఈ ఇళ్ళలో పని మొదట్నుంచీ ఇష్టం లేదు. రోగుల వివరాలు బయటికి పొక్కితే కాంట్రాక్టు పోతుంది. అందరూ ఒక్క కప్పు కింద కూర్చుంటేనే కాపలా సులువు అనేవాడు. ఆఫీసుకి రమ్మంటే మాలో సగంమంది మానుకోవలసిందే. ఒకామెకి మంచం పట్టిన అత్తగారు, ఒకామెకి చంటిపిల్ల, నాకు నాన్న. వాళ్ళని నేను చూసుకుంటాను సార్ అని మేడమ్ పూచీ పడింది. ఎవరివల్ల ఏం జరిగినా మాట ఆవిడకే వస్తుంది.

ఒకసారి వచ్చింది కూడా. ఇంటర్నెట్ బాగుచేస్తామని ఫోన్ చేసినవాడికి మాలో ఒకావిడ పాస్‌వర్డు చెప్పేసింది. తెల్లారేసరికి ఆమె టైపు చేసినవన్నీ మాయం. మేడమ్ వాళ్ళింటికి వెళ్ళి, పక్కన కూర్చుని, అంతా మళ్ళీ చేయించింది. ఆమె ఎవరో మాకు తెలుసు. మేడమ్ నోట మాత్రం ఎన్నడూ ఆ పేరు రాలేదు. ఫోన్ పెట్టేసి మనమే చెయ్యాలన్న నియమం అప్పుడే పుట్టింది.

మేడమ్ ఆనందపురం అవతల వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టిన మనిషి. పోర్టులో చేసే ఆయన్ని పెళ్ళాడి టౌన్లోకొచ్చింది. డాక్టర్ల ఇంగ్లీషు మాకు విడమరిచి చెప్పే గొంతు ఒకటి, మమ్మల్ని కోప్పడే గొంతు ఒకటి. రెండోది అచ్చం వాళ్ళ ఊరిది. చెప్పాపెట్టకుండా స్కూటీ మీద వచ్చేది. సీడీ ఇరుక్కుపోతే చీర కుచ్చిళ్ళ పిన్నీసు తీసి డ్రైవుకుండే చిన్న కన్నంలో పొడిచి బయటికి లాగేది. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు కంప్యూటర్ వైపు చూడనేలేదు. మజ్జిగ తాగి, దణ్ణం పెట్టుకుంటానని పూజగూటి దగ్గరికి వెళ్ళి, వెంకటేశ్వరస్వామి పటం వెనక చెయ్యి పెట్టి కాగితం లాగింది. నేను మర్చిపోతానేమోనని అమ్మ నా పాస్‌వర్డు రాసి, పసుపు బొట్టు పెట్టి, అక్కడ దోపింది. చాలా ఇళ్ళలో అక్కడే దొరుకుతుందట.

"దేవుడికెందుకమ్మా ఈ పాస్‌వర్డు? ఆయనేటి టైపు సేత్తాడా?" అంది.

దేవుడి దగ్గర ఉంటే ఎవరూ ముట్టుకోరు కదా మేడమ్ గారూ అంది అమ్మ.

"నాను ముట్టుకున్నాను కదా."

అమ్మ ఆ మాట ఏడాది పాటు అందరికీ చెప్పుకుని నవ్వింది.

అసలు చిక్కు దొంగలతో కాదు, చుట్టుపక్కల వాళ్ళతో. క్వార్టర్లలో నెట్టున్న ఇల్లంటే ఇంటర్ రిజల్ట్స్ రోజున వీధంతా మన హాల్లోనే ఉంటుంది. ఎవరి తమ్ముడో పెళ్ళి ఫోటోల సీడీ తెస్తాడు. కాదంటే మాటలు పోతాయి. ఇంటికొచ్చినోళ్ళకి టీ ఇయ్యి, కుర్సీ ఇయ్యి, మౌసు మాత్రం ఇయ్యకు అనేది మేడమ్. అలా అనడం తేలికేనండీ అని ఓసారి గట్టిగానే అన్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని, కంప్యూటర్లో నా పేరు కింద ఇంకో పేరు పెట్టింది. దాన్ని తెరిస్తే నెట్టొస్తుంది, నా పని మాత్రం కనబడదు, సీడీ పెట్టినా తెరుచుకోదు. ఏం పేరు పెట్టారంటే 'అరుగు' అంది. వచ్చినోళ్ళని అరుగు మీద కూకోబెట్టు, లోనకి రానీకు. ఆ వారంలోనే మా అందరి ఇళ్ళలోనూ అరుగులు వెలిశాయి.

ఓ మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఎవరో దర్జాగా ఇంగ్లీషులో, ఓ రిపోర్టు అర్జంటుగా కావాలి, నీ పాస్‌వర్డు చెప్పు అన్నాడు. పెట్టేసి ఆఫీసుకి నేనే చేస్తానన్నాను. నేనెవరో తెలుసా అన్నాడు. తెలీదండి, అందుకే, అని పెట్టేశాను. ఆఫీసుకి చేస్తే మేడమ్ ఎత్తింది. చెప్పాను.

"ఆయన మన సారేనే పాపా" అంది.

యజమాని నన్ను తీసేయమన్నాడు. ఇళ్ళలో పని ఇక వద్దు, అందర్నీ ఆఫీసుకి రప్పించమన్నాడు. నాన్న ముందు ఆ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టే క్షణాన్ని ఆ రోజంతా ఊహించుకుంటూ కూర్చున్నాను. సాయంత్రం మేడమ్ ఆయనకి ఫోన్ చేసింది. ఆ పక్కనే ఉన్న ఆఫీసు అమ్మాయి తర్వాత నాకు చెప్పింది, ఆవిడ అన్నది ఒక్కటే మాటని.

"మీకే ఇవ్వని పిల్ల ఇంకెవరికీ ఇవ్వదు సార్. తీసేస్తే రేపట్నుంచి వీళ్ళంతా అడిగినోడికల్లా ఇచ్చేస్తారు."

నా పని ఉంది. అందరి పనీ ఉంది. మరుసటి వారం అదే దర్జా గొంతు ఫోన్ చేసి, "నేనే, పెట్టేసి చెయ్యమ్మా" అంది.

ఇదంతా గుర్తు చేసుకుంటూ ఆ పొద్దున్న కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెర మీద రెండు పేర్లు. నాది, కింద అరుగు. దేన్నీ నొక్కలేదు. నేను ఫోన్ చెయ్యనంతసేపూ ఆ వార్త ఎవడో తెలియనివాడు చెప్పిన మాటే. ఆవిడ నియమం ప్రకారం అది ఇంకా నిజం కాదు. కానీ పెట్టేశాక మనమే చెయ్యాలన్నదీ ఆ నియమంలోనిదే. సగం పాటించి ఊరుకుంటే ఆవిడ ఏ గొంతుతో కోప్పడుతుందో నాకు తెలుసు.

ఆఫీసుకి కాదు, వాళ్ళింటికి చేశాను. మేడమ్ వాళ్ళాయన ఎత్తారు. వెనక జనం గొంతులు, కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు. మేడమ్ దగ్గర టైపింగ్ చేసే ఉక్కునగరం అమ్మాయినండి అన్నాను. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఏటనుకోకమ్మా. ఓపాలి ఫోను పెట్టీ, నాను సేత్తాను. ఎవులు సేసినా అలగే సెయ్యమనీది."

పెట్టేశాను. వాళ్ళింట్లో ఫోన్ పక్క గోడకి మా అందరి నంబర్లూ ఆవిడ చేత్తో రాసి అంటించి ఉంటాయి. ఆయన కళ్ళజోడు వెతుక్కుంటూ ఉంటారు. మా హాల్లో ఫ్యాను తిరుగుతోంది. తెర మీద రెండు పేర్లూ అలాగే ఉన్నాయి. చెయ్యి ఫోన్ మీదే ఉంచాను.

మోగింది. అరచేతి కింద దాని అదురు తెలుస్తోంది. ఇంకొక్కసారి మోగనిచ్చాను.