పులిహోర మూత పట్టుకున్న మేడమ్

నవ్వొద్దర్రా, చెప్తా. మూడేళ్ల నా పీహెచ్‌డీని మొన్న ఆదివారం ఒక పులిహోర గుండిగ ఓడించేసింది.

నా సబ్జెక్ట్ మీకు తెలుసుగా. రోమ్ ఇంకా చిన్న ఊరుగా ఉన్నప్పటి ఇటలీ కాల్బలం. ఊరి జనమంతా డాలుకి డాలు ఆనించి, వరస చెదరకుండా పోరాడేవాళ్లని కొందరు పండితులంటారు. వరసా లేదు పాడూ లేదు, ఎవరి పెద్ద వెనక వాళ్లు గుంపుగా పోయి పక్క ఊరిని దోచుకొచ్చేవాళ్లని మిగతావాళ్లు. నాది వరస పార్టీ. మా గైడ్ మేడమ్, ఇక్కడి చైనీస్ ఆవిడ, గుంపు పార్టీ. మామూలు జనం వరసలో నిలబడగలరని చూపించు, లేదంటే ఆ చాప్టర్ తీసెయ్ అన్నారు.

చూపిద్దామనే బుకిట్ బటోక్‌లో మా అపార్ట్‌మెంట్ బ్లాక్ కింది హాల్లో, తలా ఒక వంటకం తెచ్చే మన తెలుగువాళ్ల పాట్‌లక్‌కి ఆవిణ్ని పిలిచా. అంకుల్స్‌నీ ఆంటీల్నీ పిల్లల్నీ వరసగా నిలబెట్టి, డాలు బదులు తలా ఒక గిన్నె మూత ఇచ్చి, నేను చెప్పేదాకా కదలొద్దన్నా. ఫోన్లో వీడియో ఆన్. మేడమ్ కూడా సరదాపడి చివర్లో నిలబడ్డారు. ఆవిడకి మూత తక్కువైంది. నా తెలివి చూడండి, పులిహోర గుండిగ మీది మూత తీసి ఇచ్చా.

ఇంగువ వాసన హాలంతా కమ్మేసింది. ఓ పిల్ల "సో హంగ్రీ లా, అక్కా" అని మొదలెట్టింది. అయినా వరస నిలబడింది, అబద్ధం ఎందుకు. అప్పుడు పుంగ్గోల్ నుంచి వచ్చిన అంకుల్ తన మూత కింద పెట్టి, గుండిగ పక్కకెళ్లి చెయ్యి చాచారు.

"మన పిల్లలంతా ఇటు రండమ్మా. ఆలస్యమైతే జీడిపప్పు మిగలదు."

అచ్చం మా పెదనాన్న మాట. తెనాలి పెళ్లిళ్లలో మొదటి బంతి లేవకముందే కుర్చీల వెనక అలాగే చెయ్యి చాచి నిలబడేవారు. పిల్లలం ఏడుగురం ఆయన కండువా పట్టుకుని పరిగెత్తేవాళ్లం. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ పిలుపు మళ్లీ వింటాననుకోలేదర్రా, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత ఏం చేశానో నాకు నిజంగా గుర్తులేదు.

వీడియోలో ఉంది. అంకుల్ వెనక ఆయన పిల్లలు, చోవా చూ కాంగ్ నుంచి వచ్చినవాళ్లు వాళ్ల పెద్దాయన వెనక, గుంపులు గుంపులుగా గుండిగ చుట్టూ. అందరికంటే ముందు పరిగెత్తింది మాత్రం ఆకుపచ్చ చుడీదార్. అంటే నేనే.

"నేనింకా కదలకూడదా?" అని ఇంగ్లీషులో వినబడింది. తిరిగి చూస్తే వరసలో ఒక్కరే మిగిలారు. పులిహోర మూత గుండెకి ఆనించుకుని, గుంపు పార్టీ మేడమ్.

వరస పార్టీ నోటి నిండా పులిహోర. చాప్టర్ పోయింది. జీడిపప్పులు మాత్రం ఐదొచ్చాయి.