దూడ మొండిది కాదు

మా తోటికోడలు కిందటి మంగళవారం ఉదయం పోయింది. నాకంటే ఆరేళ్లు పెద్ద. భూస్థాపన రోజున పాస్టరు గారు "వరదలో మొండి దూడని సైతం సహనంతో లొంగదీసిన తల్లి" అన్నారు. మన సంఘ పత్రికలో కూడా అదే వేస్తారట. అచ్చయ్యేలోగా దిద్దాలి. పాస్టరు గారండీ, ఆవిడకి సహనం లేదు. ఆ దూడ మొండిదీ కాదు.

కొల్లేటిలో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడాది వానాకాలం. గుండుగొలను దిగువన మా ఊరి చుట్టూ నీళ్లొచ్చాయి. మగవాళ్లు గొడ్లని తోలుకుని హైవే మీదికి వెళ్లిపోయారు. అంతకు ముందు రోజే ఆవిడ గేదె చచ్చిపోయింది. దాని నాలుగు రోజుల దూడ అంత నీళ్లలో నడవలేదు. దాన్ని వదిలి రానని ఆవిడ ఉండిపోయింది. మోకాళ్లు కదలక నేను ఉండిపోయాను. ఒక్క గది, ఇద్దరు ఆడవాళ్లు, ఒక దూడ. సెల్‌ఫోన్లో ఛార్జింగు మొదటి రోజే అయిపోయింది. వీటన్నిటికీ తోడు, వంటిళ్లు వేరుపడ్డప్పటి నుంచీ, ఆరేళ్లుగా, మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు. ఏం చెప్పుకోవాలన్నా దూడతోనే.

"ఏమే దూడా, టీచరమ్మ గారిని కాస్త కాళ్లు ముడుచుకోమను. నీకు పడుకోడానికి చోటు లేదు" అనేది ఆవిడ, బడిలో పాఠాలు చెప్పిన నన్ను ఉద్దేశించి.

"దూడా, మీ దొరసానితో చెప్పు. కాళ్లు ముడవగలిగితే నేను హైవే మీదే ఉండేదాన్నని."

పడవలో వచ్చినవాళ్లు పాలపొడి పొట్లాలు ఇచ్చారు. వెనకెప్పుడో పశువుల ఆసుపత్రిలో ఇచ్చిన రబ్బరు పీక ఒకటి ఉంది, కూల్‌డ్రింకు సీసాకి సరిపోయేది. ఆవిడ పాలు కలుపుతుండగా పీక చూశాను. బెజ్జం మరీ సన్నం. ఈ లెక్కన సీసా ఖాళీ అయ్యేసరికి వరదే తగ్గిపోతుందనిపించింది. ఆవిడ అటు తిరిగి ఉండగా సూది కాల్చి బెజ్జం పెద్దది చేశాను. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, దూడకి తాగడం నేర్పలేనా అని.

మొదటి గుక్కకే దూడకి పొలమారింది. పాలు ముక్కులోంచి వచ్చాయి. ఆ తర్వాత సీసా కనబడితే చాలు, మూతి బిగించి గోడ వైపు తిరిగేది. గరిటెతో పోస్తే సగం మింగేది, సగం నేల పాలు. మర్నాటికి దాని అరుపు సన్నబడింది. ఆవిడ దూడని తిట్టింది, సీసాని తిట్టింది, కొల్లేటిని తిట్టింది. "చావు! చచ్చి మీ అమ్మ దగ్గరికే పో" అని చెంగు నోట్లో కుక్కుకుంది. ఇదండీ ఆవిడ సహనం. నేను మాత్రం సూది మాట ఎత్తలేదు. తలుపు తీస్తే నీళ్లు, వేస్తే ఆ దూడ కళ్లు. మూడో వైపు లేదు.

మూడో రోజు పొద్దున ఆవిడ ఎందుకో సీసా తలకిందులుగా పట్టింది. పాలు ధార కట్టాయి. బెజ్జం చూసింది, చూర్లో గుచ్చి ఉన్న సూది చూసింది, నన్ను చూసింది. ఆరేళ్ల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఇది పాలు తాగడమా టీచరమ్మా, కుళాయి కింద నోరు పెట్టడమా?"



ఆవిడ చెంగు కొస చింపి పీక లోపల కుక్కింది. పాలు బొట్టు బొట్టుగా రాసాగాయి. మా వైపు దూడ చచ్చిపోతే, దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెడతారు, గేదె చేపి పాలివ్వడానికి. ఆవిడ దాన్నే తిరగేసింది. చచ్చిన గేదె పడుకున్న గోనెపట్టా నడుముకి చుట్టుకుని, మూలన వంగి నిలబడి, సీసాని సరిగ్గా పొదుగు ఉండే ఎత్తున పట్టుకుంది.

"వెనకనించి తోక మొదట్లో గోకు, తల్లి నాకినట్టు. గోకడం వచ్చా, అదీ పుస్తకంలో చూడాలా?"

గోకాను. దూడ గోనె వాసన చూసింది. ఆగింది. పొదుగుని కుమ్మినట్టే ఆవిడ తుంటి మీద ఒక్క కుమ్ము కుమ్మింది. ఆవిడ "అమ్మా" అంది గానీ కదల్లేదు. దూడ పీక అందుకుంది. దాని తోక నా చేతి కిందే ఊగడం మొదలెట్టింది.

నీళ్లు తీశాక మా బావగారు వచ్చి దూడ డొక్కలు చూసి, "ఇలా ఎండిపోయిందేంటే?" అని ఆవిడని అడిగారు.

"మొండిదండీ. రెండు రోజులు సీసా ముట్టలేదు" అంది. నా వైపు చూడనైనా లేదు.

ఆ మాటే ఊరంతా తిరిగి చివరికి ఆవిడ భూస్థాపన దాకా వచ్చింది. ఊళ్లో పిల్లల తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్దినదాన్ని, ఆ ఒక్కటీ దిద్దలేదు. ఆ తర్వాత రోజూ మాట్లాడుకున్నాం, ఎక్కువగా దెబ్బలాడుకోడానికే. నేను మరీ తెలిసినట్టు మాట్లాడితే, "సూది ఎక్కడ పెట్టావు టీచరమ్మా?" అనేది. పక్కవాళ్లకి అర్థమయ్యేది కాదు.

ఆ దూడ ఇప్పుడు చూడి గేదె. మంగళవారం నుంచీ ఆవిడ గది కిటికీ వైపు తిరిగి నిలబడుతోంది. లోపల మేకుకి ఆ గోనెపట్టా వేలాడుతోంది.

ఈ నెలలోనే ఈనుతుంది. తల్లి ఉంటుంది కదా అంటారేమో. ఉంటే మంచిదే, కానీ నేనిక దేన్నీ నమ్ముకుని కూర్చోను. నల్లజర్లలో మీ చుట్టాల దూడ కోసమని సంఘంలో మీలో ఎవరో ఆవిడ సీసా పట్టుకెళ్లారు. ఆదివారం ఆరాధనకి వచ్చేటప్పుడు తెచ్చి ఇవ్వండి. తాడేపల్లిగూడెం వెళ్లే పనున్నవాళ్లు పశువుల మందుల కొట్లో కొత్త పీక ఒకటి కొనండి. బెజ్జం సన్నంగా ఉందని ఎవరూ సూది పెట్టొద్దు. ఇల్లు కడగడానికి వచ్చేవాళ్లకి ఒక్క మాట: ఆ గోనెపట్టా ఉతకొద్దు.