యుమ్మాను పడవెక్కించిన వేసవి

కువైత్‌లో, జాబ్రియా పేటలో నేను పనిచేసిన ఇంట్లో జూలై వస్తే చాలు పెట్టెలు సర్దేవారు. నేను బాబా అని పిలిచే ఇంటాయన, మామా అని పిలిచే ఇంటావిడ, వాళ్ళ ఇద్దరాడపిల్లలూ లండన్ వెళ్ళి సెప్టెంబరులో తిరిగొచ్చేవారు. బాబా వాళ్ళమ్మ మాత్రం కదిలేది కాదు. ఆవిణ్ణి ఇంటిల్లిపాదీ యుమ్మా అనేవాళ్ళం. వాళ్ళ భాషలో అమ్మా అని. ఆవిడకి స్నానం, మందులు, వంట, కాళ్ళు పట్టడం అన్నీ నేనే. బయట ఎండకి గుమ్మం గొళ్ళెం ముట్టుకుంటే చెయ్యి కాలేది. మేమిద్దరం ఏసీ ముందు కూర్చుని ఆగస్టంతా వెళ్ళదీసేవాళ్ళం.

నేను వెళ్ళిన మూడో ఏడనుకుంటాను, పంతొమ్మిది వందల ఎనభై ఇంకా రాలేదు. ఆ యేడు ధూళికి యుమ్మాకి ఆయాసం పట్టుకుంది. చల్లటి చోటికి తీసుకెళ్ళమన్నాడు డాక్టరు. లండన్ మెట్లూ ఆ జనమూ నా వల్ల కాదంది ఆవిడ. అప్పుడు మామా హవల్లీలో విమానం టిక్కెట్లు అమ్మే ఆఫీసుకెళ్ళి రంగుల బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చింది. ఇంగ్లండులో ఉత్తరాన, కొండలూ వాటి మధ్య సరస్సులూ ఉన్న సీమట. లేక్ డిస్ట్రిక్ట్ అంటారట. యుమ్మాకి చదువు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. మంచం మీద పక్కపక్కన కూర్చుని బొమ్మలు చూశాం. ఒక పేజీలో నీటి ఒడ్డున చిన్న చిన్న పడవలు కట్టేసి ఉన్నాయి. ఆవిడ వేలు అక్కడే ఆగిపోయింది.

"ఇక్కడికైతే వస్తాను. ఇది కూడా రావాలి," అని నా భుజం పట్టుకుంది.

అలా నేను ఇంగ్లండు చూశాను.

మేము అద్దెకి తీసుకున్నది రాతి ఇల్లు. పైకప్పుకి కూడా పలకరాళ్ళే. వెళ్ళిన రోజు నుంచీ నాలుగు రోజులు ఆగకుండా ముసురు. మాకు శ్రావణంలో పట్టే ముసురే. నాకదేమీ వింత కాలేదు, పైగా బట్టలు ఆరవన్న దిగులొకటి. పిల్లలిద్దరూ కిటికీల దగ్గర మూతులు ముడుచుకుని కూర్చున్నారు. యుమ్మా మాత్రం కుర్చీ గుమ్మంలో వేయించుకుని, చెయ్యి బయటికి చాపి, తడిసిన అరచేత్తో మొహం తుడుచుకునేది. సాయంత్రం ఇంకో చిక్కు వచ్చింది. తొమ్మిది దాటినా వెలుతురు పోదు. సూర్యుడు దిగితే గానీ సాయంత్రపు నమాజు చెయ్యకూడదు కదా. "ఈయనకి ఇంటికెళ్ళాలని లేదా?" అని ఆకాశాన్ని విసుక్కునేది.

ఐదో రోజు తెరిపిచ్చింది. ఇక అక్కడ చూడాల్సినవన్నీ చూపించాడు బాబా. పొగలు కక్కుతూ అడవిలోంచి వెళ్ళే బుల్లి రైలెక్కాం. సున్నం, మట్టి ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు కొండ నెత్తి దాకా పాకి ఉండడం చూశాం. ఒంటి మీద ఎర్ర రంగో నీలం రంగో పూసిన గొర్రెలు ఆ గోడల మధ్య మేస్తున్నాయి. ఎవరి గొర్రెలో తెలియడానికి ఆ గుర్తులట. జున్ను చేసే ఇంటికెళ్ళాం, జలపాతం దగ్గర ఫోటోలు దిగాం. చివరికి పెద్ద సరస్సులో తిరిగే లాంచీ ఎక్కాం. వంద మంది పడతారు. లోపల టీ కూడా అమ్ముతున్నారు.

దిగాక బాబా అడిగాడు. "ఎలా ఉందమ్మా పడవ?"

"అది బస్సు. పడవ అదిగో," అంది యుమ్మా.

రేవులో గంటల లెక్కన అద్దెకిచ్చే చెక్కపడవలు వరసగా ఉన్నాయి. బాబా గట్టిగా వద్దన్నాడు. నడపడం తనకి రాదు, ఆమె మోకాళ్ళు వంగవు, ఏదైనా జరిగితే ఎవరు చూస్తారు? అన్నీ నిజమే. యుమ్మా తల వంచుకుని చేతిలో తస్బీ పూసలు తిప్పుకుంటూ నిలబడింది. ఆ నిలబడడం చూసి నాకు ఉండబట్టలేదు.

"నేను నడుపుతాను," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. మూడేళ్ళలో వాళ్ళు అడక్కుండా నేను మాట్లాడడం అదే మొదలు. వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. మా నాన్న గోదావరి పాయ మీద రేవు పడవ వేసేవాడనీ, ఆయన జ్వరంతో పడుకున్న రోజుల్లో నేనే జనాన్ని దాటించేదాన్ననీ.

మామా కాసేపు నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత మొగుడితో, "వెళ్ళనీ. ఒడ్డు పక్కనే తిరుగుతారులే," అంది.

పడవ మనిషీ నేనూ చెరో రెక్కా పట్టుకుని ఆవిణ్ణి దింపాం. నీళ్ళలో పడ్డా తేల్చే నారింజ రంగు కోటు ఒకటి ఆవిడ నల్లటి అబాయా మీద తొడిగాడు అతను. తీరా కూర్చున్నాక చూస్తే ఇది వేరే పద్ధతి. మా ఊళ్ళో నిలబడి గెడ వేస్తాం, ఎటు పోతున్నామో కళ్ళెదుటే ఉంటుంది. ఇక్కడ వెళ్ళే వైపు వీపు పెట్టి కూర్చుని రెండు తెడ్లూ ఒక్కసారే లాగాలి. పడవ ఉన్నచోటే గానుగెద్దులా మూడు చుట్లు తిరిగింది. ఒడ్డున పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. యుమ్మా నాకెదురుగా కూర్చుని ముందుకి చూస్తోంది కదా, తనే దారి చెప్పడం మొదలెట్టింది. "కుడి. ఇంకా కుడి. ఆ, యల్లా, పద!" నాలుగుసార్లు లాగేసరికి చెయ్యి కుదిరింది. ఒడ్డు మాటలు వెనకబడ్డాయి. తెడ్డు నీళ్ళలో పడే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఆవిడ వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని తాగింది.

"తియ్యగా ఉన్నాయి," అంది ఆశ్చర్యంగా. "ఇవన్నీ మంచినీళ్ళేనా?"

"అన్నీ మంచినీళ్ళే యుమ్మా."

"నా చిన్నప్పుడు తాగే నీళ్ళు బస్రా వైపు నుంచి పడవల్లో వచ్చేవి. తోలు తిత్తుల్లో గాడిద మీద ఇంటికి తెచ్చేవాళ్ళు. ఒక్క చుక్క ఒలికితే మా అమ్మ కొట్టేది."

తర్వాత వాళ్ళ నాన్న సంగతి చెప్పింది. ముత్యాల కోసం మునిగేవాడట. వేసవి వస్తే మగవాళ్ళంతా పడవలెక్కి నాలుగు నెలలు సముద్రం మీదే. ఆడవాళ్ళు ఒడ్డున ఉండిపోవాలి. తిరిగొచ్చే రోజు అందరూ ఒడ్డుకి పరుగెత్తేవారట. ఒక యేడు పడవ వచ్చింది, ఆయన రాలేదు. అప్పటికి ఆవిడకి ఎనిమిదేళ్ళు. "ఆయన ఎక్కడ కూర్చునేవాడో, ఎలా ఊగేదో, ఎప్పుడూ తెలీలేదు," అని పడవ అంచు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

మెల్లగా లాగుతున్నాను. సన్నగా చినుకు మొదలైంది.

"తిప్పమంటారా?"

"ఎందుకూ? వాన కూడా తియ్యగానే ఉంది."

మేము తిరిగొచ్చేసరికి ఇద్దరం ముద్దయిపోయాం. బాబా గొడుగు కింద ఎర్రబడ్డ మొహంతో నిలబడి ఉన్నాడు. నా మీద అరవబోయాడు. ఇంకా పడవలోనే ఉన్న యుమ్మా చెయ్యెత్తింది. "ఖలాస్. నేనే తిప్పొద్దన్నాను. రేపు కూడా వస్తాం."

మర్నాడే కాదు, వాన జోరుగా పడని ప్రతి రోజూ వెళ్ళాం. మూడో రోజు మామా ఎక్కింది. ఆ తర్వాత పిల్లలు తెడ్లు పట్టి నేర్చుకున్నారు. చివరి వారం బాబా కూడా బూట్లు విప్పి ఎక్కాడు, కూర్చున్నంతసేపూ రెండు చేతులతో బల్ల పట్టుకునే ఉన్నాడు. యుమ్మా ఆయాసం నిజంగానే తగ్గింది. నాకు అరచేతులు బొబ్బలెక్కాయి. ఆవిడే వాటికి నూనె రాసింది.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు యుమ్మా నాకొక రోజంతా సెలవిప్పించింది. అరబ్బు ఇంట్లో చేరాక నాకది మొదటి సెలవు. మామా తన ఉన్ని కోటూ, పెద్దపిల్ల రబ్బరు బూట్లూ ఇచ్చింది. ఇంటి వెనక కొండ ఎక్కాను. గొర్రెలు బయటికి పోకుండా చెక్క గేటు వేసి, మళ్ళీ నడిచి, ఆగి ఆయాసం తీర్చుకుని, నెత్తి దాకా వెళ్ళాను. అక్కడ ముసలి దొర, దొరసాని, వాళ్ళ కుక్క రాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళ మాట నాకు రాదు, నా మాట వాళ్ళకి రాదు. ఆవిడ ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చింది. పాలు ఎక్కువ, చక్కెర లేదు. అయినా అంత బాగున్న టీ నేనెప్పుడూ తాగలేదు. కింద మూడు సరస్సులు కనిపించాయి. దొర ఒక్కోదాన్నీ చూపించి పేరు చెబుతుంటే నేనూ అనేదాన్ని. తప్పు పలికితే ముగ్గురం నవ్వుకున్నాం.

కువైత్ వచ్చాక మళ్ళీ అదే వంటిల్లు, అదే ఇస్త్రీ. కానీ సాయంత్రాలు యుమ్మా దగ్గరికి చుట్టాల ఆడవాళ్ళు వస్తే, గహ్వా, అదే వాళ్ళ కాఫీ, ఇచ్చి వెళ్ళిపోబోతున్న నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేది. "దీని నాన్న నౌఖదా," అని చెప్పేది. నౌఖదా అంటే వాళ్ళలో పెద్ద ఓడకి అధికారి. మొదటిసారి, కాదండీ, మాది చిన్న రేవు పడవ అన్నాను. ఆవిడ వినలేదు. రెండోసారి నుంచి నేనూ దిద్దడం మానేశాను. వాళ్ళు గోదావరి ఎంత వెడల్పని అడిగేవాళ్ళు. నేను చెప్పేదాన్ని.