బుధవారం నీళ్ళు

అంకయ్యకు చదువు రాదు, అంకెలు వచ్చు. ఆ అంకెలతోనే పదకొండేళ్ళు నెట్టుకొచ్చాడు.

పెదపాడు దాటి, కాలవ గట్టు వెంట నడిచి, గట్టు అయిపోయిన చోట తాటిదోనె ఎక్కితే వచ్చే లంక అతనిది. లంక చివర, కిక్కిస దుబ్బుల పక్కన, కొల్లేటి నీళ్ళలో ఒక రాతిస్తంభం ఉంది. దాని మీద అడుగులూ, అడుగులో పదో వంతులూ నల్లరంగుతో గీసి ఉంటాయి. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి నీళ్ళు ఏ గీత మీద ఉన్నాయో చూసి రిజిస్టరులో ఎక్కించడం అతని పని. ఆఫీసులో గేజి రీడరు అంటారు. లంకలో గేజి అంకయ్య అంటారు. ఆ ఉద్యోగం పదకొండేళ్ళ నుంచీ తాత్కాలికమే. తాత్కాలికం అనే మాటకు మన దేశంలో ఉన్నంత ఆయుష్షు మరి దేనికీ లేదు.

అంకయ్య ఉద్యోగంలో లేని పని ఒకటి చేసేవాడు. గీత చూసి వస్తూ, దారిలో ఎదురైనవాళ్ళకు నీళ్ళ సంగతి చెప్పేవాడు. "రెండు వేళ్ళు పెరిగింది, గడ్డివామి కింద మెత్తగా ఉంటే చూసుకో." "గాలి ఇటు తిరిగింది, మధ్యాహ్నానికి బెత్తెడు వస్తుంది, చాపలు ఎత్తుకో." తమ్మిలేరు పొంగినా, బుడమేరు పొంగినా లంకకు మొదట తెలిసేది అంకయ్య నోటినుంచే. ఈ మాటలు రిజిస్టరులో ఎక్కడా లేవు. ఆ రిజిస్టరు ఆఫీసుకు పోయేది. ఆఫీసులో దాన్ని ఎవరు చదివేవారో అంకయ్యకు తెలియదు, బహుశా ఆఫీసుకూ తెలియదు.

యాభై ఆరో సంవత్సరం, జూలై నెలలో ఓవర్సీరు వెంకట్రాజుగారు గుండుగొలను నుంచి నలుగురు కూలీలతో వచ్చి, రాతిస్తంభం పక్కనే నీళ్ళలోకి ఇనప గొట్టం దింపించి, దాని మీద ఒక పెట్టె బిగించారు. గొట్టంలో ఒక బోలు డబ్బా నీళ్ళ మీద తేలుతుంది. డబ్బా పైకి లేస్తే పెట్టెలో ఒక ములుకు కదిలి కాగితం మీద గీత గీస్తుంది. కాగితాన్ని ఒక గడియారం తిప్పుతూ ఉంటుంది. చూసేవాడు లేకుండా చూస్తుంది, రాసేవాడు లేకుండా రాస్తుంది. లంకంతా దోనెలేసుకుని వచ్చింది.

"దీనికి నిద్ర లేదు, జ్వరం రాదు, పెళ్ళిళ్ళకు పోదు," అన్నారు వెంకట్రాజుగారు, తన కూతురి గుణగణాలు చెప్పుకుంటున్నట్టు.

"మరి దానికి తిండేం పెట్టాలండి?" అన్నాడు అంకయ్య.

"సోమవారం సోమవారం కీ ఇచ్చి, పాత కాగితం తీసి కొత్త కాగితం చుట్టు. అదే తిండి. ఇదిగో తాళంచెవి. ఇకనుంచి నువ్వూ రాయి, అదీ రాస్తుంది. రెండూ సరిపోయాయనుకో, ఈ అంకయ్య నమ్మకస్తుడు, పెట్టెకు ఇతణ్ణే పెట్టండి అని రాసి నిన్ను ఖాయం చేయిస్తాను. సరిపోలేదనుకో, నా చేతుల్లో ఏమీ లేదు."

ఆ రాత్రి అంకయ్య ఆ సంగతి భార్య మంగతో చెబితే, "పదకొండేళ్ళకు నీకో తోడికోడలు దొరికింది," అని నవ్వింది. అంకయ్య నవ్వలేదు. అతనికి సంతోషంగా ఉంది. తను చూసింది నిజమని చెప్పడానికి ఇన్నాళ్ళూ ఎవరూ లేరు. ఇప్పుడు సాక్షి దొరికింది.

మిషను బడి సత్యవేదం మేష్టారికి మాత్రం ఆ పెట్టె నచ్చలేదు. ఆయన ఏలూరు నుంచి వారానికోసారి పాత పేపర్లన్నీ తెప్పించుకుని చదువుతాడు. "ఇది పిల్లకాయ అంకయ్యా," అన్నాడు. "పై దేశాల్లో గదంత యంత్రాలు వచ్చాయట. వెయ్యిమంది గుమాస్తాల లెక్క ఒక్కటే చేస్తుందట. వాటికి మెదడు ఉందని రాస్తున్నారు. ముందు నీళ్ళను చూస్తాయి, ఆ తర్వాత మనల్ని చూస్తాయి."

"మనల్ని చూసి ఏం చేసుకుంటాయండి? మన దగ్గరేముంది?" అన్నాడు అంకయ్య.

మొదటి నాలుగు వారాలూ గీతా, అంకే అన్నదమ్ముల్లా నడిచాయి. ఆగస్టు ఏడు, మంగళవారం సాయంత్రం అంకయ్య కూతురికి నొప్పులు మొదలయ్యాయి. కాన్పు అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. అంకయ్య ఆరు గంటల గీత చూసి, అయిదు మీద మూడు అని రాసి, కూతుర్ని దోనెలో వేసుకుని గట్టు దాకా, అక్కణ్ణుంచి బండి మీద ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. బుధవారం దీపాలవేళ మనవరాలు పుట్టింది. గురువారం తెల్లారేసరికి అతను స్తంభం దగ్గర ఉన్నాడు. నీళ్ళు అయిదు మీద నాలుగు. మంగళవారం మూడు, గురువారం నాలుగు. మధ్యన ఏముంటుంది? బుధవారం మూడు గళ్ళలోనూ మూడు, మూడు, నాలుగు అని నింపేశాడు. ఇలాంటి రోజులు పదకొండేళ్ళలో నాలుగైదు ఉన్నాయి. తుపాను వచ్చినప్పుడు రెండు, మన్నెపు జ్వరంలో రెండో మూడో. వాటి గురించి అతను ఎన్నడూ నిద్ర పోగొట్టుకోలేదు.

స్తంభం దగ్గర్నుంచి వస్తుంటే అచ్చమ్మ ఎదురైంది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి, మొగుడు పోయి ఆరేళ్ళయింది.

"ఏం బావా, మనవరాలు పుడితే నీళ్ళు మర్చిపోతారా?"

"ఏవయింది?"

"ఏవయిందంట! నిన్న మధ్యాహ్నం గాలికి కొల్లేరంతా లేచి మా దిబ్బ మీదకొచ్చింది. నాలుగు చాపల మీద ఆరబెట్టిన చేపలు. చూస్తూ ఉండగానే పోయాయి. నువ్వు చెప్పలేదు కదా, ఏం ఫర్వాలేదనుకున్నాను."

"నేను లేనుగా అచ్చమ్మా."

"నువ్వు లేవు, నీ పెట్టె ఉందిగా?"

"అది రాసుకునే ఉంటుంది."

"రాసుకుంది. ఎవరికి చెప్పింది?"

అంకయ్య వెనక్కి వెళ్ళి పెట్టె తాళం తీశాడు. గీత మంగళవారమంతా చాపలా పడుకుని ఉంది. బుధవారం పదింటికి తల ఎత్తింది. పన్నెండింటికి ఆరు దాటి మరో గీత పైకి పోయింది. మూడింటికి దిగి, మళ్ళీ పడుకుంది. కాగితం మీద ఆ గూనిని అతను రెండుసార్లు చూశాడు. పెట్టె నీళ్ళనే రాసింది. కానీ ఆ నీళ్ళతో పాటు, ఆ మధ్యాహ్నం అంకయ్య అక్కడ లేడన్న సంగతి కూడా రాసేసింది.

సోమవారం తీసిన ఆ కాగితాన్ని మంగ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఇదా నీ ఉద్యోగం తీసేది? కాగితమేగా. దోనెలోంచి నీళ్ళలో పడిందను. కొల్లేట్లో ఉన్నవాడి కాగితం తడవక ఎండుతుందా?"

"చూద్దాంలే," అన్నాడు అంకయ్య. దాన్ని చుట్టి, రేకు గొట్టంలో పెట్టి, చూరులో దోపాడు. రోజూ అన్నం తింటూ ఆ చూరు వైపే చూసేవాడు. బళ్ళో మేష్టారికి సంగతి చెబితే ఆయన కోప్పడ్డాడు. "ఒక్క మాట చెప్పి వెళితే నేను చూసి పెట్టేవాణ్ణిగా!" ఆ ఒక్క మాట అంకయ్యకు తట్టలేదు. గీత చూడ్డం ఇంకొకరికి అప్పజెప్పే పని అని అతను ఎప్పుడూ అనుకోలేదు. చూడకుండా రాయడానికి మాత్రం వెనకాడలేదు. మనిషి గర్వం ఎక్కడ దాక్కుంటుందో చూడండి.

ఆగస్టు ముప్పై ఒకటిన వెంకట్రాజుగారు వచ్చారు. అప్పటికి అంకయ్య మనసు గట్టి చేసుకున్నాడు. రాగానే చెప్పేద్దామనుకున్నాడు. కానీ ఆయన రాగానే ఎప్పటిలాగే రిజిస్టరు అందుకున్నారు. నెలకు రెండుసార్లు వచ్చి తనిఖీ చేయాలని రూలు. ఆయన వచ్చేది ఒక్కసారి. అందుకని వచ్చినప్పుడే మొదటి తనిఖీ కూడా రాసేవారు. అది అబద్ధమని ఇద్దరిలో ఎవరికీ ఎన్నడూ అనిపించలేదు. అది పద్ధతి. జేబులోంచి టూరు డైరీ తీసి, అందులో ముందే వేసుకున్న తేదీ చూసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. రాస్తూ పైకి చదువుకోవడం ఆయనకు అలవాటు.

"ఎనిమిదో తేదీ... మధ్యాహ్నం పన్నెండు గంటలకు... గేజి స్వయముగా చూచితిని. రీడింగు సరిగా ఉన్నది." సంతకం చేసి, సిరా ఆరబెట్టుకున్నారు. "ఊఁ, ఇక కాగితాలు తియ్యి."

అంకయ్యకు ఎనిమిదో తేదీ ఏ వారమో ఒకరు చెప్పనక్కర్లేదు. లేచి చూరులోంచి కాగితాలు తీశాడు. ఇప్పుడు తన తప్పు చెప్పుకుంటే అది తన ఒక్కడి తప్పు కాదు.

వెంకట్రాజుగారు ఒక్కో కాగితం పరిచి, వేలితో గీత వెంట నడిచారు. రెండో కాగితం మీద ఆయన వేలు గూని దగ్గర ఆగింది. రిజిస్టరు చూశారు. కాగితం చూశారు. మళ్ళీ రిజిస్టరులో తన సంతకం చూసుకున్నారు.

"అంకయ్యా, ఆ వారం కాగితం తడిసిపోయింది కదూ?" అన్నారు మెల్లగా, చంటిపిల్లవాణ్ణి లాలించినట్టు.

మంగ తడక వెనకనుంచి దగ్గింది.

"మిగతావన్నీ అక్షరాలా సరిపోయాయి. ఇవాళే రాసేస్తాను. వచ్చే నెలకు నువ్వు ఖాయం." కాగితాన్ని అతని ముందుకు జరిపారు. పక్కనే మంచినీళ్ళ చెంబు ఉంది.

అంకయ్య చెంబు వైపు చూశాడు. అతనికి అచ్చమ్మ నాలుగు చాపలు గుర్తొచ్చాయి. కాగితం తడిస్తే ఆ నీళ్ళు రానేలేదు. ఆ చేపలు పోనేలేదు. లంకంతా చూసిన నీళ్ళను చూడని వాళ్ళు ఇద్దరే. ఆ ఇద్దరే ఇప్పుడు కూచుని అవి రాలేదని తేల్చబోతున్నారు.

"తడవలేదండి," అన్నాడు.

"ఆలోచించుకుని మాట్లాడు."

"బుధవారం నీళ్ళు వచ్చాయండి. నేనే రాలేదు."

వెంకట్రాజుగారి మొహం ఎర్రబడింది. "పదకొండేళ్ళలో ఇలాంటి బుధవారాలు ఇంకెన్ని ఉన్నాయి?"

"నాలుగైదు ఉంటాయండి."

"నాలుగైదు! లేవంటే నేను నమ్మేవాణ్ణి కాదు. నాలుగైదంటే ఆఫీసులో వాళ్ళు నలభై అనుకుంటారు. ఏ నాలుగైదో చెప్పగలవా?"

అంకయ్య చెప్పలేడు. చూసిన పన్నెండు వేల గీతలకు సాక్షి లేడు. చూడని మూడు గీతలకు దొరికాడు.

అక్టోబరులో కాగితం వచ్చింది. గేజి రీడరు పోస్టు రద్దయింది. సోమవారం సోమవారం కీ ఇచ్చేందుకు అంకయ్యనే ఉంచారు, సగం కంటే తక్కువ జీతానికి. వెంకట్రాజుగారికి ఏమీ కాలేదు. రిజిస్టరు పరిశీలన కోసమని ఆయన వెంటే వెళ్ళింది, మళ్ళీ రాలేదు. కొత్త రిజిస్టరు ఇవ్వలేదు. పెట్టె ఉందిగా.

నవంబరులో ఒక పొద్దున ముసురు పట్టి గాలి తిరిగింది. అచ్చమ్మ దిబ్బ మీద చాపలు పరుస్తూ కేకేసింది.

"బావా! ఇవాళ ఎలా ఉంటుంది?"

పూర్వమైతే అంకయ్య గట్టు మీదనుంచే ఆకాశం చూసి చెప్పేసేవాడు. ఇప్పుడు చుట్ట పారేసి, పంచె పైకి కట్టి, నీళ్ళలోకి దిగాడు.

"ఇదేంటి, చెప్పడానికి కూడా దిగాలా? జీతం తీసేశాక పని నేర్చుకుంటున్నావా?" అని నవ్వింది.

"ఉండు, చూడనీ."

పక్కన పెట్టెలో గడియారం కొట్టుకుంటోంది. అంకయ్య రాతి మీద నాచు తుడిచి, అల పోయేదాకా ఆగి, గీత మీద వేలు పెట్టాడు. ఇంకో అల వచ్చి పోయేదాకా వేలు తియ్యలేదు.

"చాపలు ఎత్తెయ్ అచ్చమ్మా," అన్నాడు. "ఇప్పటికే నాలుగు వేళ్ళు పెరిగింది."